కార్తీకంలో వదిలిన కౌజు పిట్టలు

నేను పిట్టల్ని గంప కింద మూసినందువల్లే ఎదురింటి బాబాయిగారు పోయారని మా వీధిలో చెప్పుకుంటారు. ఇప్పుడైతే నా ముందు అనరు, అంత ధైర్యం ఎవరికీ లేదు. ఆయన పోయింది గుండె జబ్బుతో. ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి వండి పెట్టమని రాజమండ్రి డాక్టరు చెప్పి పంపినప్పుడే ఆ మాటకి అర్థమేమిటో అందరికీ తెలిసింది, ఒక్క పిన్నిగారికి తప్ప.

ఆవిడ మొక్కుకున్నారు, ఆయన తన కాళ్ళతో గుమ్మం ఎక్కితే కార్తీకంలో పిట్టలకి ప్రాణదానం చేస్తానని. చిలకల్నీ గువ్వల్నీ అమ్మడం నేరమైపోయింది కనుక అవి దొరకలేదు. రావులపాలెం రోడ్డులోని ఫారం నుంచి కౌజు పిట్టల్ని తెప్పించారు. కార్తీకంలో వేపుడు తినేవాళ్ళుండరు కాబట్టి ఫారం అతను సంతోషంగా అట్టపెట్టెల్లో పెట్టి పంపాడు. బాబాయిగారికి కౌజుల వేపుడంటే మహా ఇష్టం. జన్మంతా తిన్నవాటికి ఇలా బదులు తీరుతుందని కూడా ఆవిడ అనుకుని ఉంటారు. సోమవారం పొద్దున్నే పలివెల గుడిలో అభిషేకం చేయించుకొచ్చి, ఆయన చేత పెట్టెల మూతలు తీయించారు. వీధంతా దండం పెట్టింది.

పిట్టలు ఎగరలేదు.

ఫారంలో ఇనప తీగల అరల్లో పుట్టి పెరిగిన వాటికి నేల గీరి గింజ ఏరుకోవడం కూడా తెలియదు. మనిషి కాళ్ళు కనబడితే మేత వచ్చిందనుకుని పాదాల చుట్టూ మూగేవి. స్కూటరు వచ్చినా అలాగే మూగాయి. మధ్యాహ్నానికి కాకులూ కుక్కలూ చేరాయి. కొబ్బరి డొక్కల గుట్ట పక్కన ఈకలు చూసి, నేను కోళ్ళ గంప పట్టుకుని బయలుదేరాను. పట్టుకోవడం ఏమంత కష్టం కాలేదు. చేయి చాపితే అరచేతిలోకి ఎక్కేవి. అదే భరించలేకపోయాను.

పిన్నిగారు గేటు దాకా పరుగున వచ్చారు.

"అమ్మాయ్, ముట్టుకోకు. వదిలినవాటిని మళ్ళీ మూస్తే మొక్కు చెల్లదమ్మా."

"కుక్క నోట్లో పడితే చెల్లుతుందాండీ?"

"వాటి రాత ఎలా ఉంటే అలా అవుతుంది. మనం బంధించకూడదు."

"రాతకే వదిలేసేవారైతే బాబాయిగారిని రాజమండ్రి దాకా ఎందుకు తీసుకెళ్ళేరండీ?"

ఆవిడ ముఖం పాలిపోయింది. అరుగు మీద కుర్చీలో కూర్చున్న బాబాయిగారు మాత్రం నవ్వారు. "ఆయ్, పాయింటు తీసిందే! పట్టుకోనియ్యవే. ఆ పిల్లతో వాదించి నెగ్గినోళ్ళు ఈ వీధిలో ఎవరున్నారు?" అన్నారు. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది. పిన్నిగారు నన్ను వదిలేసి ఆయన వీపు నిమరడానికి వెళ్ళారు.

దొరికినవాటిని మా పెరట్లో గంప కింద ఉంచి కోళ్ళ మేత పోశాను. బాబాయిగారు కర్ర ఊతంతో వచ్చి చూసేవారు. "ఇవీ నాలాగే మేత మానేశాయమ్మా," అన్నారొకసారి. అంతలో వాయుగుండం పట్టి ముసురు మొదలైంది. గంప మీద గోనెపట్టా కప్పాను, లోపల బల్బు వేలాడదీశాను. అయినా పొద్దున్నే చూసేసరికి ఒకటో రెండో కాళ్ళు చాపుకుని పడి ఉండేవి. తిరిగి తీసుకోమని ఫారం అతన్ని అడిగితే, బయట తిరిగినవాటిని రానిస్తే షెడ్డంతటికీ తెగులు అంటుకుంటుందన్నాడు. అతని మాటా నిజమే. చచ్చినవాటిని పమిట చాటున పెట్టుకుని, ఎదురింటి వైపు చూడకుండా కాలువ గట్టుకి వెళ్ళి పాతిపెట్టేదాన్ని. పిన్నిగారు కిటికీ వెనక నిలబడి చూస్తూనే ఉండేవారు.

పోలి పాడ్యమికి అందరూ కాలువలో దీపాలు వదిలిన వారంలోనే బాబాయిగారు పోయారు. అప్పటికి గంప కింద మిగిలింది ఒక్కటే. నేను వెళ్ళి పిన్నిగారి పక్కన కూర్చున్నాను. ఆవిడ జరగలేదు, నా చేయీ పట్టుకోలేదు.

ఆ ఒక్క పిట్టా ఇంకా బతికే ఉంది. మచ్చల గుడ్డు పెడుతుంది, దాన్ని తొక్కుకుంటూ తిరుగుతుంది. వీధివాళ్ళ మాటలకి నేను జవాబు చెప్పగలను, చెప్పాను కూడా. పిన్నిగారు ఈనాటికీ నన్ను ఒక్క మాట అనలేదు. ఎదురుపడితే తల పంకించి పక్కకి తప్పుకుంటారు. ఏమైనా అని ఉంటే వాదించేదాన్ని. ఆ మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉండిపోయి, ఆ పిట్టలన్నిటినీ కుక్కలకి వదిలేసి ఉంటే బాబాయిగారు బతికేవారని ఆవిడ నిజంగా నమ్ముతున్నారా?