చెంబెడు తరవాణి

పిల్లలూ, గంజి పులిసిన తరవాణి వాసన వస్తే నాకు ఫ్యాక్టరీ ఊరు బారిడీహ్‌లో మా చిన్నాన్న గుర్తొస్తాడు. ఆయన బాక్సర్. వెల్టర్‌వెయిట్ పోటీలో గెలిస్తే ఫ్యాక్టరీలో ఉద్యోగం. తూకంలో మాత్రం అరవై ఏడు కిలోలు దాటకూడదు.

బరువు దించాలని రెండు రోజులు మా తాతయ్య ఆయనకు చుక్క నీరివ్వకుండా, కంబళి కప్పి ఎండలో పరిగెత్తించాడు. అది శిక్ష అనుకుని, నేను చాటుగా చెంబెడు తరవాణి ఇచ్చాను. "ఒద్దే అమ్మా," అంటూనే గటగటా తాగేశాడు.

తూకంలో అరకిలో ఎక్కువొచ్చింది. తిప్పి పంపేశారు. తాతయ్య బెల్టు తీశాడు.

"ఎవులిచ్చార్రా?"

"ఎవులూ ఇవ్వనేదు నాన్నా. నానే తాగినాను."

నేను తలుపు వెనకే ఉండిపోయాను.

బాక్సింగ్ అక్కడితో సరి. చిన్నాన్న కూలికి పోయొచ్చి రోజూ నన్నే పిలిచేవాడు. "తరవాణి నువ్విత్తేనే గొంతు దిగుతాదే, పట్రా."

ఆ ఎండను శిక్ష అనుకున్నట్టే, దీన్ని నామీద ప్రేమ అనుకునేదాన్ని.