వదిన సర్దిన సంచి

"అత్తయ్యా, లేసులు విప్పెయ్యండి. పక్కింటి అత్తగారు లేరు."

మా కోడలు వచ్చి ఈ మాట చెప్పేసరికి నేను వరండాలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాను. రాత్రంతా వాన పడి వెలిసింది. పార్కుకు వెళ్దామంటూ పక్కింటి వదిన మా గేటు తట్టవలసిన వేళ అది. నిద్రలోనే పోయిందట. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయింది, అదృష్టవంతురాలని వచ్చినవాళ్లంతా అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. సర్దుకోకుండా బయలుదేరడం ఆమె పద్ధతి కాదు.

మా మధ్య రక్తసంబంధం ఏమీ లేదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా రెండు క్వార్టర్లకూ నడుమ ఒకటే గోడ. తర్వాత నెహ్రూ నగర్‌లో ఇళ్లు కట్టుకున్నప్పుడు కూడా పక్కపక్కనే కట్టుకున్నాం. ఆమె నన్ను వదినా అనేది, నేనూ ఆమెను వదినా అనేదాన్ని. ఆమె భర్త గూడ్సు గార్డు. గూడ్సు మీద వెళ్లిన మనిషి ఆ పూట వస్తాడో మర్నాడు వస్తాడో ఎవరూ చెప్పలేరు. అందుకని ఆయన డ్యూటీకి బయలుదేరే ముందు జెండాలు, టార్చి, విజిల్, అన్నం, పచ్చడి, దుప్పటి అన్నీ ఆమే సర్దేది. గుమ్మంలో నిలబెట్టి కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూసేది. అంతా సరిగ్గా ఉంటే చెయ్యెత్తి, "రైట్" అనేది. అప్పుడే ఆయన గుమ్మం దిగేవాడు. గార్డు పచ్చజెండా ఊపితేనే బండి కదులుతుంది, ఆ గార్డుకు జెండా ఊపేది మా వదిన అని కాలనీలో నవ్వుకునేవాళ్లం. ఆయన పోయాక ఆమె చేతులకు సర్దడానికి ఏమీ లేకుండా పోయింది.

ఇంతలో నేను స్నానాలగదిలో జారిపడ్డాను. ఎముక విరగలేదు గాని ధైర్యం విరిగింది. గేటు దాటడం మానేశాను. మోకాళ్లు బిగుసుకున్నాయి. "రోజూ చదును నేల మీద మెల్లగా నడవండి. ఇలాగే ఉంటే ఏడాదిలో కుర్చీకి అంటుకుపోతారు" అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆ మాట గోడ అవతలికి ఎలా వినబడిందో, మర్నాడు పొద్దున్నే వదిన వచ్చి నిలబడింది.

నేను గంజి పెట్టిన చీర కట్టుకుని, ఎత్తుమడమల చెప్పులు వేసుకుని, చేతిసంచి పట్టుకుని బయటికి వచ్చాను.

"ఏటి వదినా, పార్కుకా పేరంటానికా?" అంది.

నేను ఆమె భుజాన ఉన్న సంచి చూశాను. పెరుగన్నం, ఆవకాయ, టార్చి, దుప్పటి, పెద్ద సీసాడు నీళ్లు. "మనం పార్కు చుట్టూ తిరిగి వస్తామా, నాగపూర్ దాకా వెళ్తామా?" అన్నాను.

"లైను మీదికెల్లేక ఏటవుతాదో ఎవలికి తెలుసు?" అంది.

గంటలో తిరిగొచ్చే మనిషికి సంచి సర్దడం ఆమెకు అలవాటు లేదు. ఆ బరువుతో మొదటి బెంచీ దాకానే వెళ్లగలిగాం. తెల్లారకుండానే కూర్చుని పెరుగన్నం తిన్నాం. నడకకు వచ్చిన ఆడవాళ్లు, "అచ్ఛా, ఆంటీజీ, పిక్నిక్?" అని నవ్వారు. "ఆవో బేటీ, ఖావో" అని వాళ్లకూ ఒక్కో ముద్ద పెట్టింది వదిన.

ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాం. మూడుసార్లు వాడకుండా తిరిగి వచ్చినది సంచిలోంచి దిగిపోవాలి. దుప్పటి దిగింది, టార్చి దిగింది, ఆవకాయ చాలా కష్టం మీద దిగింది. మీలో ఎవరైనా నాలాగే గేటు దాటడానికి భయపడుతుంటే, చివరికి మిగిలినవేమిటో చెబుతాను. చిన్న సీసాలో నీళ్లు. చేతిగుడ్డ. నీరసానికి బెల్లం ముక్క. తడిసిన బెంచీ మీద పరుచుకోవడానికి పాత పేపరు. ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ. కింద పడితే ఊదడానికి విజిల్, అది గార్డుగారిదే. బరువు తగ్గాక ఆ సంచి నా భుజానికి మారి, మా ఇంట్లోనే ఉండేది. దాన్ని అడ్డంగా వేసుకోవాలి, చేత్తో పట్టుకోకూడదు. "సేతులు రెండూ కాళీగుండాల. తూలితే పట్టుకోడానికి అవే కదా" అనేది. అందుకే చలికాలంలో శాలువా కప్పుకోనిచ్చేది కాదు. స్వెటరు, చెవులకు గుడ్డ, అంతే. చీర మెత్తబడిన పాతదై ఉండాలి, అంచు చీలమండ పైకి ఉండాలి.

బూట్ల దగ్గర మాత్రం నేను మొండికేశాను. చీర కింద కాన్వాసు బూట్లు చూస్తే నలుగురూ నవ్వుతారన్నాను.

"నవ్వనీ. నువ్ పడితే ఆ నలుగురూ వొచ్చి ఎత్తుతారేటి?" అంది. మర్నాడే బూట్లు కొనుక్కున్నాను. అప్పటి నుంచి రోజూ గేటు దగ్గర నన్నూ కాళ్ల నుంచి పైదాకా చూసి, "రైట్" అన్నాకే కదలనిచ్చేది.

ఎండలు ముదిరాక సంచి పక్కజేబులో ఉల్లిపాయ చేరింది. వడగాడ్పు తగలకుండా అది ఒంటిమీద ఉండాలని, బిల్హా నుంచి లోకల్ బండిలో కూరలు తెచ్చి అమ్మే ఆమె చెప్పిందట. ఇందులో శాస్త్రం ఏముందని అడిగాను. "శాస్త్రం నువ్ సదువుకో. ఉల్లిపాయ నాను పెడతాను" అంది.

ఒకరోజు సగం దారిలో మోకాలు పట్టేసి, ఇక నావల్ల కాదని కూలబడ్డాను. వదిన నా పక్కనే కూర్చుంది. ఓదార్చలేదు. బెల్లం ముక్క నా చేతిలో పెట్టి అంది: "మనం గూడ్సు బండ్లం వదినా. ఆగుతాం. ఎక్స్‌ప్రెస్సులకి దారిస్తాం. గంటలు గంటలు నిలబడిపోతాం. అలాగని సేరకుండా ఉంటామేటి?" ఆ రోజు కూడా పూర్తి చుట్టు తిరిగే ఇంటికి వచ్చాం.

ఆమె పోయాక పెద్దకర్మ అయ్యేదాకా నేను నడవలేదు. ఆ కొద్దిరోజులకే మోకాళ్లు పాత దారి పట్టాయి. గోడ పట్టుకోకుండా లేవలేకపోయాను. మా కోడలు వరండాలో కొత్త ప్లాస్టిక్ కుర్చీ వేయించింది. "బారిష్‌లో అకేలే ఎందుకత్తయ్యా? ఇక్కడ ఆరామ్‌గా కూర్చోండి" అంది. వానలో ఒంటరిగా వెళ్లొద్దని మంచి మనసుతోనే అంది. నాకు మాత్రం ఆ కుర్చీని చూడగానే డాక్టరు మాట గుర్తొచ్చింది.

కర్మ అయిన మర్నాడు తెల్లవారగానే మెత్తటి చీర కట్టుకున్నాను. లేసులకు రెండు ముళ్లు వేశాను. మేకుకు వేలాడుతున్న సంచి తీసి అడ్డంగా వేసుకున్నాను. కోడలు వద్దనబోతే, "కుర్చీ సాయంత్రం పనికొస్తుంది, ఇప్పుడు కాదు" అన్నాను.

గేటు దగ్గర అలవాటుగా ఆగాను. రైట్ చెప్పే మనిషి లేదు. ఆమె చూసినట్టే కాళ్ల నుంచి పైకి నేనే చూసుకున్నాను. బూట్లు, చీర అంచు, సంచి. పక్కజేబులో వేసవి ఉల్లిపాయ అలాగే ఉండిపోయింది. నియమం ప్రకారం ఎప్పుడో దిగిపోవలసింది. వాన చెమ్మకు మొలకెత్తి, జేబు దాటి జానెడు పచ్చగా నిలబడి ఉంది.

దాన్ని తీయలేదు. గేటు తీశాను. పార్కు చుట్టూ తిరిగినంతసేపూ ఆ పచ్చటి మొలక నా నడుము పక్కన ఊగుతూనే ఉంది.