కుట్టుమిషన్ నడిచిన అడుగులు

డాక్టర్లు మెచ్చుకునే నడక నా జీవితంలో ఒక్కసారే నడిచాను. ఏడో తరగతిలో లెక్కల సారు "బయటికి నడువు" అంటే, బడి నుంచి ఇంటి దాకా నడిచాను. మళ్లీ వెనక్కి పోలేదు. అప్పటి నుంచి వరంగల్ బజారులో మ్యాచింగ్ సెంటర్ గల్లా ముందు కూర్చునే ఉన్నాను. లైనింగ్ గుడ్డ, హుక్కులు, జిప్పులు, ఎలాస్టిక్ అమ్ముతాను. పొద్దున కొట్లోకి ముందు నా పొట్ట వస్తుంది, కాసేపటికి నేను వస్తాను.

మా కొట్టుకు ఆనుకుని ఒక టైలర్ కొట్టు ఉంది. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. చుట్టరికం ఏమీ లేదు కానీ నేను అన్నా అంటాను, ఆయన తమ్మీ అంటాడు. ఆడవాళ్ల బ్లౌజులు కుట్టడంలో ఆయన చేతికి పేరు. మిషన్ మాత్రం కాలితో తొక్కేదే. మోటారు పెట్టుకోమంటే, "మోటరు నా మాట ఇనదు తమ్మీ, కాలైతే ఇంటది" అనేవాడు.

ఆ కాలు మాట వినడం మానేస్తుందని డాక్టరు చెప్పి పంపాడు. షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది, పాదాలు మొద్దుబారాయి. రోజూ అరగంట నడవాలి, పడుకునే ముందు కాళ్లు చూసుకోవాలి. పుండు పడ్డా నొప్పి తెలియదు, తెలిసేసరికి కాలే తీసేయాల్సి రావచ్చు అన్నాడు. ఈ సంగతి నాకు చెప్పింది వదిన, అంటే ఆయన భార్య. "కాలు పోతే మిషన్ పోతది. మిషన్ పోతే ఈ మనిషి ఉండడు. జర నువ్వన్న ఎంబడి పో తమ్మీ, ఒక్కడైతే కదలడు" అంది.

సరేనని తెల్లారక ముందే ఖిలా వరంగల్ వైపు నడక మొదలుపెట్టాం. మూడు రోజులు నడిచాం. నాలుగో రోజు లేదు. నా బద్ధకం వల్ల కాదు, ఈసారి నేను నిర్దోషిని.

చెప్పిన రోజుకు బ్లౌజు ఇచ్చిన టైలర్ మా బజారులో ఎవరూ లేరు. కొట్లో ఉంటే "మాపటికి రా అక్కా" అని పంపేయవచ్చు. రోడ్డు మీద అట్లా కుదరదు. పాల ప్యాకెట్‌తో వస్తున్న ఆమె ఆపుతుంది, వాకిలి ఊడుస్తున్న ఆమె చీపురు పట్టుకునే ఎదురొస్తుంది. మూడో రోజు కోట రాళ్ల మధ్య కూడా ఒకామె పట్టుకుంది. ఆమె కూడా నడకకే వచ్చింది.

"ఏందే టైలర్ అన్నా, పొద్దుగాల పొద్దుగాల షికారా? మా బిడ్డ లగ్గం బేస్తారం. బ్లౌజులేవి?"

"అయితానయి అక్కా, కాజాలే మిగిలినయి."

కాజాలు కాదు, గుడ్డే కత్తిరించలేదు. ఆ సంగతి నాకు తెలుసు. వచ్చే దారిలో ఆయన తల ఎత్తలేదు. "నడిస్తే అందరికీ దొరుకుతాన తమ్మీ. నాకీ నడక వద్దు" అన్నాడు.

వదిన ఊరుకోలేదు. ఆయన ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టే యాప్ వేయించింది. ఇక మీద ఎవరూ పట్టుకోని వేళ చూసి ఒక్కడే పోయి నడవాలి, కదిలాడో లేదో రోజూ సాయంత్రం తాను లెక్క చూస్తుంది. మొదటి రోజు ఆరువందలు వచ్చాయి. ఆమె ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదట.

మర్నాడు దిగాలుగా మిషన్ తొక్కుతుంటే చూసి, నోరు ఊరుకోక అన్నాను. "పొద్దుందాక తొక్కుతనే ఉంటవు కదనే. ఆ ఫోన్ పిక్కకు కట్టుకో. కూసున్న కాడనే ములుగు దాక పోయొస్తవు."

ఆయన నవ్వాడు. నవ్విన మనిషిని అక్కడితో వదిలేసే అలవాటు నాకు లేదు. మూడు వేళ్ల వెడల్పు ఎలాస్టిక్ జానెడు పైన కత్తిరించి, నేనే చేతికిచ్చాను. కట్టుకున్నాడు. ఫోన్ నమ్మింది. సాయంత్రానికి ఏడువేలు చూపించింది.

రెండో రోజు మా కొట్ల మధ్య పొట్టి గోడ మీదుగా చెయ్యి చాపాడు. "జర బిగుతుది ఇయ్యి తమ్మీ. జారుతాంది."

బిగుతుది ఇచ్చాను.

అప్పటి నుంచి మాకదొక ఆట. "ఎందాక వచ్చినవే?" అని నేను అడిగేవాణ్ణి. "ఇప్పుడే హసన్‌పర్తి దాటిన. చాయ్ తాగి పోతాన" అనేవాడు మిషన్ ఆపకుండా. వదిన బజారులో అందరికీ చెప్పుకుంది, మా ఆయన పదివేలు నడుస్తున్నాడని. ఆ మాట విన్నప్పుడల్లా మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా తిప్పలు పడేవాళ్లం.

లగ్గాల సీజన్ వచ్చింది. పొద్దున కట్టిన ఎలాస్టిక్ కొట్టు మూసే దాకా ప్యాంటు కింద అలాగే ఉండేది. బిగుతు ఆయనకు తెలియదు. నాకు గుర్తు రాలేదు. కాళ్లు రోజూ చూసుకోమన్న మాట ఇద్దరం మర్చిపోయాం. యాప్ పదివేలు చూపిస్తుంటే కాలి గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఒకరోజు ఆయన కొట్లో వాసన వచ్చింది. "ఎలుక సచ్చినట్టుందే" అని గుడ్డల కట్టలన్నీ జరిపి వెతికాను. ఎలుక దొరకలేదు. వాసన మిషన్ కింది నుంచి వస్తోంది. ప్యాంటు ఎత్తమన్నాను. ఎలాస్టిక్ తీయబోతే దానితో పాటు చర్మం వచ్చింది. కింద పాదం నల్లగా, వాచి, వేరే ఎవరిదో అన్నట్టుంది.

"నొప్పైతే లేదు తమ్మీ" అన్నాడు ఆయన.

దవాఖానలో డాక్టరు పిక్క చుట్టూ ఉన్న గీత చూపించి, "ఇదేంటి, ఏం కట్టారు?" అని అడిగాడు. అన్న నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. "సాక్స్ గీత సార్" అన్నాడు ఆయన. వదిన ఫోన్ తీసి డాక్టరు ముందు పట్టింది. "రోజు నడుస్తడు సార్. చూడుండ్రి, నిన్న గూడ తొమ్మిది వేలు." డాక్టరు ఆ అంకె చూశాడు, ఆ కాలు చూశాడు. మాటకు మాట తడుముకోని నేను గోడ మీది పటం చదువుతూ నిలబడ్డాను. ఎలాస్టిక్ సంగతి చెప్పాల్సిందీ అప్పుడే.

కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

ఆయన మంచం మీద ఉండగానే వదినకు వరండాలో అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, "ఆ లెక్క తీసెయ్యి" అంది. యాప్ తీసేశాను. మళ్లీ ఆమె ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆయన మిషన్‌కు మోటారు ఉంది. ఎడమకాలితో నొక్కుతాడు. కుట్టు అక్కడక్కడ వంకర పోతుంది, విప్పి మళ్లీ కుడతాడు. ఆడవాళ్లు ఆలస్యమైనా గట్టిగా అడగడం లేదు. అది ఆయనకు నచ్చదు. నేను రోజూ ఖిలా దాకా నడుస్తున్నాను, ఎవరూ చెప్పకుండానే.

మొన్న కస్టమర్లు లేని సమయం చూసి ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఎన్నోసారో తెలియదు, మళ్లీ అదే మాట అన్నాను. "తప్పు నాదే అన్నా. ఎలాస్టిక్ ఇచ్చింది నేను, బిగుతుది ఇచ్చింది నేను. మొత్తం తప్పు నాదే."

ఆయన మోటారు ఆపాడు. పంటితో దారం తెంపి, తల ఎత్తకుండానే అన్నాడు.

"కాలెట్లాగూ పాయె. ఇగ తప్పు గూడ నువ్వే ఎత్కపోతవా తమ్మీ?"