పెద్దమ్మ పేరుతో వచ్చిన నవలలు

మొన్న భోజనమయ్యాక భవానీపురంలో మా ఇంటి వరండాలో కూర్చుని ఫోను చూసుకుంటూ ఉంటే, మరుగున పడిన రచయిత్రుల గురించి ఎవరో రాసిన వ్యాసమొకటి వాట్సాప్‌లో వచ్చింది. అందులో మా పెద్దమ్మ పేరుంది. ఆడవాళ్ళ మనసు ఇంత బాగా తెలిసి రాసినవాళ్ళు ఆ రోజుల్లో తక్కువని, ఆవిడ వివరాలు మాత్రం ఎంత వెతికినా దొరకలేదని రాశారు. దొరకవు మరి. మా పెద్దమ్మ చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఆ నవలలు రాసింది మా పెద్దనాన్న.

ఆయన పామర్రు హైస్కూల్లో తెలుగు మాస్టారు. మా ఊళ్ళో పెద్ద బడి లేక నన్ను వాళ్ళింట్లో ఉంచి చదివించారు. పెద్దనాన్న మొదట కవి. సాయంత్రాలు కాలవ గట్టున నడుస్తూ, కోతలయ్యాక మినుము పచ్చగా పరుచుకున్న చేల మీద గేయాలు అల్లుకునేవారు. పత్రికలవాళ్ళు వాటిని ఎప్పటికప్పుడు తిప్పి పంపేవాళ్ళు, నవలలనూ అంతే. వారపత్రికల్లో రచయిత్రుల సీరియల్స్ కోసం జనం ఎగబడే కాలమది, నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఏమనుకున్నారో గానీ ఒకసారి ఓ నవలకి పెద్దమ్మ పేరు పెట్టి పంపారు. శుద్ధప్రతి రాసిపెట్టింది నేనే కాబట్టి దస్తూరీ కూడా ఆడపిల్లదే అయింది. నెల తిరక్కుండా వేసుకుంటామని ఉత్తరం వచ్చింది.

అలా మూడు నవలలు వచ్చాయి. పెద్దనాన్న రాసింది రాసినట్టు పైకి చదివేవారు, పెద్దమ్మ గోంగూర వలుచుకుంటూనో బియ్యం ఏరుకుంటూనో వినేది. మధ్యలో చెయ్యి ఆపి, "ఏ ఆడదీ అలా అనదండీ" అనేది. మరేమంటుందో కూడా తనే చెప్పేది. ఆయన కొట్టేసి ఆ మాటే రాసుకునేవారు, నేను దాన్ని శుద్ధప్రతిలోకి ఎక్కించేదాన్ని. అదొక పెద్ద విషయమని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. అభిమానులంటూ ఎవరైనా బస్సు దిగి ఇల్లు వెతుక్కుంటూ వస్తే పెద్దమ్మ కాఫీ ఇచ్చి, రెండు ముక్కలు మాట్లాడి పంపేసేది. ఎంత నిగర్వో అని వాళ్ళు మెచ్చుకుంటూ వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక ఆవిడ ఆ కాఫీ గ్లాసులు తోమిందే తోముతూ ఉండేది.

చివరికి బెజవాడలో ఒక ఆడపిల్లల కాలేజీవాళ్ళు సభకి పిలిచారు. రెండుసార్లు తప్పించుకున్నాం, మూడోసారి కుదరలేదు. పెద్దనాన్న ఉపన్యాసం రాసిచ్చి, మాతోపాటే బయల్దేరారు. బస్సులో దారి పొడుగునా పెద్దమ్మ దాన్ని వల్లె వేస్తూనే ఉంది, నేను పక్కన కూర్చుని అప్పజెప్పించుకున్నాను. సభలో ఒక్క తప్పు లేకుండా చెప్పింది కూడా. ఇక లేవబోతూ ఉంటే ఒక అమ్మాయి నిలబడి, మీ నాయిక ఇల్లొదిలి వెళ్ళిపోతూ గుమ్మం దాకా వచ్చి, వెనక్కెళ్ళి పొయ్యి మీద పాలు దించి వెళ్తుంది కదండీ, ఆ ఊహ మీకెలా వచ్చిందండీ అని అడిగింది.

పెద్దమ్మ మళ్ళీ కుర్చీలో కూర్చుని ఆ పిల్ల వైపు తిరిగింది.

"ఆ నవలలు రాసింది నేను కాదమ్మా. అదిగో, ఆఖరి వరసలో కూర్చున్నారే, మావారు రాశారు. పాలు దించడం మాత్రం నేను చెప్పిందే."

హాలంతా వెనక్కి తిరిగింది. పెద్దనాన్న తలవంచుకున్నారు. నేనూ తల దించేసుకున్నాను, ఆ మోసంలో నా చెయ్యి కూడా ఉంది కదా.

సాయంత్రం తిరుగు బస్సెక్కాం. ఆయన కోప్పడతారని నేను, ఏడుస్తున్నారేమోనని పెద్దమ్మ, దొంగచూపులు చూస్తూనే ఉన్నాం. కంకిపాడు దాటాక ఆయనే అన్నారు: "ఆ పాల సంగతి నేనే రాశాననుకుంటున్నాను ఇన్నాళ్ళూ. నువ్వు చెప్పావన్న మాటే మర్చిపోయాను." పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తరవాతి నవల మీద ఆయన ఇద్దరి పేర్లూ రాయించారు. పత్రికవాళ్ళు పెద్దమ్మ పేరొక్కటే ఉంచితే వేస్తామన్నారు. ఈయన ఒప్పుకోలేదు. బెజవాడలో ఒక చిన్న ప్రెస్సులో అచ్చు వేయించుకుంటే తెలిసినవాళ్ళు తలా ఒకటి తీసుకున్నారు, మిగిలినవి అటక మీద చెదలు తిన్నాయి. ఆ పైన ఆయన నవల జోలికి పోలేదు. పోయేదాకా గేయాలే రాసుకున్నారు, అవి ఎక్కడా అచ్చు కాలేదు. ఆయన పోయిన మూడేళ్ళకి పెద్దమ్మా పోయింది.

ఇప్పటి ఆడపిల్లలు తమకు తోచింది తమ పేరుతోనే రాసి నిమిషంలో లోకం ముందు పెడుతున్నారు. మా కోడలూ రాస్తుంది, ఎవరినీ అడగదు. చూస్తే ముచ్చటేస్తుంది, ఆ వెంటనే మనసు కలుక్కుమంటుంది. నేను ఐదేళ్ళు ఆ ఇంట్లో కాగితాల మధ్యే పెరిగాను, పెద్దమ్మ నోటి మాటలు నా చేత్తోనే రాశాను. నువ్వు కూడా ఒక కథ రాయకూడదా పెద్దమ్మా అని ఒక్కనాడైనా అడగాలని నాకు తోచలేదు.