పద్మావతి మాడ్చిన రేకు

మా ఆవిడ పద్మావతి చేతులు చూసినవాళ్లు లక్షల్లో ఉంటారు. మొహం చూసినవాళ్లు మా వీధివాళ్లే. ఆత్రేయపురంలో మాది పూతరేకుల ఇల్లు. శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చినవాళ్లు ఫోన్లు పట్టుకుని మా పంచలోకి దిగిపోతారు. ఆమె పిండినీళ్లలో గుడ్డ ముంచి, మంట మీద బోర్లించిన కుండ మీద పరిచి లాగుతుంది. రెప్పపాటులో తెల్లని రేకు లేస్తుంది. అందరూ ఆ చేతులనే వీడియో తీసుకుపోతారు. నెయ్యి రాసి, పంచదార చల్లి మడతలు పెట్టే నన్నయితే కాస్త పక్కకి జరగమంటారు.

ఆమధ్య రాజోలులో చుట్టాలింటి భోజనాల దగ్గర ఒకావిడ అలాంటి వీడియోనే అందరికీ చూపిస్తోంది. "ఆ చేతులు నావేనండి" అంది పద్మావతి. "సరేలెండి" అని ఆవిడ నవ్వేసింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా ఆవిడ తన చేతులకేసే చూసుకుంటూ కూర్చుంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

అందుకే, అమలాపురం నుంచి సుప్రియ అనే కాలేజీ పిల్ల షార్ట్ ఫిల్మ్ తీస్తానని వచ్చినప్పుడు పద్మావతి ముందే అడిగేసింది.

"నా మొహం కూడా పడుద్దా అమ్మా?"

"ఆయ్, ఎందుకు పడదండి పిన్నిగారూ!"

చేతులు క్లోజప్‌లో తీసింది. ఆమెను గోడవారన కూర్చోబెట్టి మొహం విడిగా తీసింది. రెండూ లాప్‌టాప్‌లో కలిపి చూపించింది. మా ఆవిడ కళ్లార్పకుండా చూసింది.

"ఎవరి చేతులకో నా మొహం అతికించినట్టుందమ్మా" అంది దిగులుగా.

సుప్రియ మంచిపిల్ల. మధ్యలో కట్ లేకుండా, చేతుల మీంచి మొహం దాకా ఒకే షాట్ తీస్తానంది. తీరా కెమెరా పైకెత్తితే పాపిడి తప్ప ఏమీ పడలేదు. దూరం నుంచి తీస్తే పొగ. కిందనుంచి తీద్దామంటే మంట.

"ఒక్కసారి తలెత్తండి పిన్నిగారూ."

"తలెత్తితే రేకు మాడిపోద్దమ్మా."

జ్వరంలో కూడా రేకు మాడనివ్వని మనిషి. ఇక ఇది తెమిలే పని కాదని నేను విసుక్కుంటున్నాను. అంతలో ఆమె ఇంకో రేకు వేసి, దాన్ని కుండ మీదే వదిలేసి, తలెత్తింది. తిన్నగా కెమెరాలోకి చూసింది. నుదుటి మీద మసి, చెమట, కొత్త పెళ్లికూతురి బెరుకు.

రేకు అంచులు ఎర్రబడుతున్నాయి. "ఇదిగో, రేకు!" అన్నాను. ఇంట్లో ఆమెను నేను పిలిచేది 'ఇదిగో' అనే. పెళ్లాన్ని పేరు పెట్టి పిలవాలంటే నాకు సిగ్గు. ఆమె పలకలేదు.

"పద్మావతీ! మాడిపోతోందే!" అని అరిచేశాను.

అప్పుడు కూడా ఆమె చూపు తిప్పలేదు.

సాయంత్రం సుప్రియ ఆ షాట్ పెట్టి చూపించింది. "చాలా బాగా వచ్చిందండి. బాబాయిగారి అరుపు తీసేసి మ్యూజిక్ వేసేస్తాను" అంది.

"తీసెయ్యమ్మా, పరువు పోద్ది" అన్నాను.

"తియ్యకు" అంది మా ఆవిడ గబుక్కున. "ఆ చేతులెవరివో ఆయనే పేరు పెట్టి చెప్పేరు కదా."

ఆ ముక్క మళ్లీ పెట్టించుకుని వింది. తెర మీద ఆమె మొహం, వెనక నా గొంతులో ఆమె పేరు. ఇన్నేళ్లూ ఎందుకు దాచుకున్నానో ఆ పేరుని! నాకు కళ్లు చెమర్చాయి.

మర్నాడు పొద్దున్న మడతలు పెడుతూ, గొంతు సవరించుకుని, "పద్మావతీ" అన్నాను.

కుండ మీద రేకు ఉంది. అయినా తలెత్తి చూసింది.