బంతిపూల దండ నడిపిన పాఠం

బడుల్లోకి వేలితో నడిపే తెరలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, లోకంలో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. భుజాన లాప్‌టాప్ సంచి (అందులో లాప్‌టాప్ కంటే అమ్మ కట్టిన పులిహోర బరువెక్కువ) వేసుకుని, టీచర్లకు కొత్త పద్ధతిలో పాఠం చెప్పడం నేర్పడానికి కళింగపట్నం దగ్గర ఒక ప్రాథమిక బడికి వెళ్ళాను. అక్కడున్నది ఒక్కరే టీచరు. ఊరంతా పెద్దమేడమ్ అనేవారు. తెర గోడకెక్కి చాలా నెలలైనా ఆవిడ వేలు దానిమీద పడలేదు. పాత పట్టుచీర ముక్క కప్పి, రోజూ దణ్ణం పెట్టి, పక్కనున్న నల్లబల్ల మీదే పాఠం చెప్పేవారు. "ముట్టుకోండి మేడమ్, ఏమీ కాదు" అంటే, "మీకేటి బాబూ, కంప్యూటర్లు సదివినోరు. నా సెయ్యి తగిలి పాడైపోతే పైవాళ్ళకి నానేటి సెప్పను?" అనేవారు.

ఇంతలో, వాడని తెరలను వేరే బడులకు మార్చేస్తామని కబురొచ్చింది. శుక్రవారం అధికారి వచ్చి చూస్తారట. సముద్రం మీద చేపల వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలు వాళ్ళు. ఆ తెర పోతే మళ్ళీ రాదు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పెద్దమేడమ్ చేత పాఠం చెప్పించి తీరాలనుకున్నాను. భయం పోగొట్టుకోవడం ఎలాగో వారమంతా స్లైడ్లు వేసి మరీ వివరించాను. ఆవిడ శ్రద్ధగా అన్నీ రాసుకున్నారు గానీ తెర దగ్గరికొచ్చేసరికి చెయ్యి కొంగులోంచి బయటికి రాలేదు. చివరికి, "ఆ రోజుకి మీరే నడిపెయ్యండి బాబూ, నాను పక్కన నిలబడతాను" అనేశారు.

శుక్రవారం అధికారి వచ్చేసరికి తెర అంచున పసుపూ కుంకుమా, పైనుంచి కిందిదాకా బంతిపూల దండా. చదువు చెప్పే వస్తువు శుక్రవారం పూట బోసిగా ఉండకూడదని ఆవిడ పట్టు. (ముచ్చటేసి నేనే ఫొటో కూడా తీశాను.) మీట నొక్కాను. అంతే, పేజీలు వాటంతట అవే తిరగడం మొదలెట్టాయి. అంకెలు పోయి ఆవొచ్చింది, ఆవు పోయి అంతరిక్షమొచ్చింది. ఫ్యాను గాలికి దండ ఊగుతోందనీ, ఆ తెరకు పువ్వయినా వేలయినా ఒకటేననీ మహామేధావినైన నాకు తట్టలేదు. వైర్లు పీకాను, మళ్ళీ పెట్టాను. "అమ్మోరే తిప్పుతన్నాదిరా!" అంటూ ఒక పిల్ల లేచి దణ్ణం పెట్టింది. అధికారికి విసుగొచ్చింది. "నీకే రాకపోతే వాళ్ళకేటి నేర్పుతావయ్యా? విప్పించెయ్యండి, రాజాం వైపు బడికి పంపించేద్దాం" అన్నారు. సిగ్గుతో నాకు ఏడుపొక్కటే తక్కువ.

దండతో సహా సాగనంపడం ఇష్టంలేక కాబోలు, పెద్దమేడమ్ వచ్చి దాన్ని తీశారు. తెర ఠక్కున నిమ్మళించింది. ఆవిడ ఒకసారి దండ వంక, ఒకసారి తెర వంక చూశారు. దండ తాకించారు, పేజీ తిరిగింది. తీశారు, ఆగింది.

"ఓలమ్మా! పువ్వు తగిలితే పాడవనిది నా సెయ్యి తగిలితే పాడైపోతాదేటి?" అని కొంగు బొడ్లో దోపి, తెరమీద వేలు పెట్టారు. వారమంతా రాసుకున్న ప్రకారం గీతలు గీసే ఖాళీ పేజీ తెరిచి, వంశధార గీశారు. అది సముద్రంలో కలిసేచోట ఒక పడవ గీశారు. "ఇక్కడేటున్నాది, సెప్పండర్రా!"

"మనూరు మేడమ్!" అని పిల్లలు పైకప్పు లేచిపోయేలా అరిచారు. తెర విప్పడానికి పిలిపించిన మనిషిని వెనక్కి పంపేసి, అధికారి కూడా పిల్లల మధ్య చతికిలబడ్డారు.

నేనిప్పటికీ అదే ఉద్యోగంలో ఉన్నాను. శిక్షణకొచ్చిన టీచర్లకు తెర అప్పగించి, మొదటి గంటంతా నోరు మెదపకుండా వెనక కూర్చుంటాను. అప్పుడు అన్నీ తెలిసిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, ఎంత ధీమా వాడిది! ఈమధ్య వస్తున్న కొత్త యంత్రాలు చూస్తే నా చెయ్యే వెనక్కి పోతోంది. అయినా టీచర్లు చూస్తున్నారు కదా అని, గుండె దిటవు చేసుకుని వేలు పెట్టేస్తున్నాను.