మీసాల దొరసాని

పోయిన నెల ఒక ఉదయం మా కాప్రా కాలనీ గ్రంథాలయం కార్యదర్శి గారు గుడ్డసంచిలో మూడు లావుపాటి పుస్తకాలు వేసుకుని మా ఇంటికి వచ్చారు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. గ్రంథాలయంలో కొత్తగా సినిమా పుస్తకాల అర ఒకటి పెడుతున్నారు. అరలో చోటు తక్కువ కాబట్టి ఒక్కో తార మీద ఒక్కో జీవితచరిత్రే ఉండాలన్నది ఆవిడ నియమం. తెచ్చిన మూడూ ఒకే నటి గురించినవి. పాతకాలపు హాలీవుడ్ తార. పేరు ఇక్కడ అక్కర్లేదు. నలుపు తెలుపు సినిమాల రోజుల్లో, టోపీ అంచు కింద నుంచి ఆమె సగం కళ్ళతో చూసే చూపుకు సికింద్రాబాద్ రోడ్ల మీద సైకిళ్ళు గుద్దుకున్నాయని మా సీనియర్లు చెప్పేవారు. "మీరు అన్నేళ్ళు పేపర్లో పని చేశారు కదండీ. ఏది నమ్మొచ్చో మీకు వాసన తెలిసిపోతుంది. సోమవారానికి చెప్పండి చాలు" అని కాఫీ తాగి ఆవిడ వెళ్ళిపోయారు.

నా వాసన సంగతి ఆ మూడింటిలో మెరిసే అట్ట ఉన్న పుస్తకాన్ని చూడగానే నాకు గుర్తొచ్చింది. ఎందుకంటే అది నాకు కొత్త పుస్తకం కాదు. ముప్పై అయిదేళ్ళకు పైబడిన మాట. అప్పుడు నేను ఒక దినపత్రికలో కుర్ర సబ్ ఎడిటర్ని, ఆదివారం సినిమా పేజీ నా నెత్తిన ఉండేది. శనివారం మధ్యాహ్నం పేజీ కింద ప్రెస్సుకు వెళ్ళిపోవాలి. ఆ వారం రావలసిన వ్యాసం రాలేదు. ఎవరో ఇచ్చిన ఈ మెరిసే అట్ట పుస్తకం నా బల్ల మీద ఉంది. దాన్ని ముందు పెట్టుకుని గంటన్నరలో అరపేజీ వండేశాను. అందులో ఆ నటికి గుర్రమంటే చచ్చేంత భయమని, ఆమెకు పేరు తెచ్చిన వాగు దాటే దృశ్యంలో గుర్రం మీద ఉన్నది విగ్గు పెట్టుకున్న ఒక మీసాల మనిషని రాశాను. శీర్షిక కూడా మీసాల మీదే పెట్టాను. ఏ వార్తకైనా ఇద్దరు చెప్పాలి, ఆ ఇద్దరూ ఒకరి నోటి నుంచి ఒకరు విన్నవాళ్ళు కాకూడదు అనేది మా డెస్కులో మొదటి పాఠం. సినిమా పేజీకి ఆ పాఠం వర్తించదని నాకు నేనే అనుమతి ఇచ్చుకున్నాను.

పేజీ అచ్చయిన మర్నాడు, సోమవారం పొద్దున, చాచా ఆఫీసుకొచ్చాడు. అప్పట్లో నేను మల్కాజ్‌గిరిలో ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి, మా వరసలోనే మూడిళ్ళ అవతల చాచా ఇల్లు. జనగామ వైపు నుంచి చిన్నప్పుడే వచ్చి, సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు సినిమాలు వేసే ఒక హాల్లో ఆపరేటర్‌గా కుదిరినవాడు. ప్రొజెక్టర్ గది వేడికి చొక్కా వీపు ఎప్పుడూ తడిసే ఉండేది. అత్తరు, ప్రొజెక్టర్ దీపంలో కాలిన కార్బన్ కడ్డీల వాసన కలిసి అతను సందు మలుపు తిరగకముందే అతని రాక తెలిసేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కానీ ఏ సినిమాలో ఏ రీలులో ఎవరు ఏ చేత్తో కప్పు పట్టుకున్నారో చెప్పగలడు. ఆ నటిని మాత్రం పేరు పెట్టి పిలిచేవాడు కాదు, దొరసాని అనేవాడు. ఆమె గుర్రం సినిమా మార్నింగ్ షోలుగా ఎన్నిసార్లు మళ్ళీ వచ్చిందో, అన్నిసార్లూ దాన్ని ఆడించింది అతనే.

ఆ రోజు అతని చేతిలో బిస్కట్ల డబ్బా ఒకటి ఉంది. పాత రీళ్ళు తరచూ తెగేవి. తెగినచోట పాడైన నాలుగు గళ్ళు, అంటే నాలుగు ఫ్రేములు, కత్తిరించి, బ్లేడుతో గీకి, జిగురు రాసి అతికించి మళ్ళీ బొమ్మ నడిపించాలి. ఈల, గోల మొదలయ్యేలోపు అదంతా అయిపోవాలి. కత్తిరించిన ముక్కల్ని మిగతా ఆపరేటర్లు ఊడ్చి పారేసేవారు. చాచా దాచేవాడు. ఆ డబ్బాలోంచి వేలెడంత ముక్క తీసి కిటికీ వెలుగుకు ఎత్తిపట్టాడు. నాలుగు గళ్ళు. నాలుగింటిలోనూ నీళ్ళు చిందిస్తూ గుర్రం, దాని మీద ఆవగింజంత మనిషి.

"మీసాలు యాడున్నయ్ బేటా, జెర చూపెట్టు."

"ముఖమే కనిపించడం లేదు కదా చాచా."

"ముఖం ఇడిసిపెట్టు. ఎడమ చెయ్యి చూడు. దెబ్బకు కట్టిన తెల్ల పట్టీ ఉన్నది. తర్వాతి రీలుల దొరసాని ఇంట్ల కూసోని ఉత్తరం సదువుతది. ఎడమ చేతికే గ్లౌజ్ ఉంటది, కుడి చెయ్యి ఖాళీ. ఇంట్ల కూసోని ఒక్క చేతికి గ్లౌజ్ ఎవరేసుకుంటరు? పట్టీ కనవడొద్దని ఏసుకుంది. పట్టీ ఉన్న చెయ్యే గుర్రం సుత నడిపింది."

నేను నవ్వాను. ఫిల్ము మీద గీత పడి ఉంటుంది చాచా అన్నాను. "గీత గీత లెక్కుంటది, పట్టీ పట్టీ లెక్కుంటది" అన్నాడు. పుస్తకంలో ఉంది చాచా, అచ్చులో ఉంది అన్నాను. అతను ముక్కను డబ్బాలో పెట్టి మూత నొక్కుతూ, "నువ్వు పుస్తకం చూసినవ్. నేను బొమ్మ చూసిన" అని లేచాడు. అతను వెళ్ళాక మనసు ఒప్పక, చిన్న సవరణ వేద్దామా అని మా ఇన్‌చార్జిని అడిగాను. "మంత్రుల సవరణలకే దిక్కు లేదు, గుర్రానికి సవరణ ఏంటయ్యా" అన్నాడాయన. నేను రెండోసారి అడగలేదు. ఆ రెండోసారి అడగకపోవడమే నా అసలు తప్పని నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

పేపరు మర్నాటికి పొట్లాల కాగితం అయిపోయింది. మీసాలు మాత్రం మిగిలాయి. అదే హాల్లో టికెట్లిచ్చే బుకింగ్ క్లర్కు ఒకాయన ఉండేవాడు, చాచాకు జిగిరీ దోస్తు, అంతకు రెట్టింపు వేళాకోళం. రోజూ పొద్దున మల్కాజ్‌గిరి స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో ఇద్దరూ కలిసి చాయ్ తాగేవారు. ఆ ఆదివారం నుంచి ఆయన పలకరింపు మారిపోయింది. "ఏందీ చాచా, మీసాల దొరసాని మంచిగున్నదా?" హాలు మూతపడింది, ఇద్దరూ ఇళ్ళల్లో కూర్చున్నారు, ఆ పలకరింపు ఆగలేదు. చాచా మొదట్లో వాదించాడు, తర్వాత నవ్వాడు, తర్వాత సినిమాల ఊసే ఎత్తడం మానేశాడు. ఎన్ని వేల గంటలో కన్నార్పకుండా బొమ్మను చూసిన మనిషిని, చూసింది చూడలేదని అనిపించేలా చేసింది నా అరపేజీ.

అందుకే ఈసారి తొందరపడలేదు. మూడు రోజులు ఆ పుస్తకాలతో కూర్చున్నాను. మెరిసే అట్టలో తలుపులు మూసిన గదుల్లో జరిగిన సంభాషణలన్నీ కొటేషన్ మార్కుల్లో ఉన్నాయి. మూడోమనిషి లేని గదిలో మాటలు ఎవరు రాసుకున్నారు? వెనక్కి తిప్పితే ఆధారాల పేజీ ఒక్కటి లేదు. కుర్రతనంలో అది నాకు పఠనీయత అనిపించింది. రెండోది ఆమె కుటుంబం దగ్గరుండి రాయించుకున్నది. అందులో ఆమె ఎవరినీ కసురుకోలేదు, ఏ సినిమా ఆడకపోలేదు, ముగ్గురు భర్తల్లో ఒకాయన అసలు పుట్టనేలేదు. మూడోది గోధుమరంగు అట్ట, చీమతలల్లాంటి అక్షరాలు, పుస్తకంలో మూడోవంతు ఆధారాల పట్టికే. అందులో ఒకచోట రచయిత్రి, ఈ విషయం ఎంత వెతికినా నాకు తేలలేదు అని రాసుకుంది. అక్కడ నాకు ఆమె మీద గౌరవం పుట్టింది. తెలియదని రాసిన మనిషి, తెలుసని రాసినప్పుడు నమ్మవచ్చు.

కానీ గౌరవం ఒక్కటే చాలదు. ఏ పుస్తకాన్నయినా నీకు సొంతంగా తెలిసిన ఒక్క చిన్న విషయం దగ్గర పట్టుకుని చూడమని మా పాత న్యూస్ ఎడిటర్ చెప్పేవారు. ఆ నటి గురించి నాకు సొంతంగా తెలిసింది ఏముంది? వేలెడంత ఫిల్ము ముక్క, అది కూడా నేను నమ్మనిది. గోధుమరంగు పుస్తకం చివర సూచికలో గుర్రం అనే మాట కోసం వెతికాను. పేజీ దొరికింది. రెండుసార్లు చదివాను. షూటింగుకు ముందురోజు ఆమె ఎడమ అరచేతికి గాజు పెంకు గుచ్చుకుంది. స్టూడియో ప్రథమ చికిత్స పుస్తకంలో ఆ నమోదు ఉంది. మర్నాడు ఆమెకు బదులు స్వారీ చేయాల్సిన మనిషి జ్వరంతో వణుకుతుంటే, పట్టీ కట్టిన చేత్తో ఆమే వాగు దాటింది. ఆ విషయం రచయిత్రికి చెప్పింది ముసలివాడైన ఆ స్వారీ మనిషే. ఆ రోజు నేను గుర్రం కళ్ళెం పట్టుకుని నిలబడ్డాను అంతే అన్నాడట. మెరిసే అట్ట ఉచితంగా కట్టబెట్టిన పేరును వద్దని చెప్పుకున్నాడు. అంతకన్నా గట్టి సాక్షి ఏ పత్రికకైనా దొరుకుతాడా? లోపలి దృశ్యాలకు ఎడమ చేతికి గ్లౌజ్ తొడిగారని కూడా ఆ కిందే ఉంది.

మర్నాడు పొద్దున ఆటో ఎక్కి మల్కాజ్‌గిరి వెళ్ళాను. చాచా వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. చూపు బాగా తగ్గింది, గొంతును బట్టి నన్ను గుర్తుపట్టాడు. పుస్తకం తెరిచి ఆ పేరా తెలుగు చేసి చెప్పాను. కుర్చీ ముందుకు జరుపుకుని విన్నాడు. చివర్న, "గ్లౌజ్ గూడ రాసిండ్రా?" అని అడిగాడు.

"రాశారు చాచా. ఎడమ చెయ్యే. తప్పు నాది. అప్పుడే మీ మాట వినాల్సింది."

"తప్పు సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అని లేచి, లోపలున్న కూతురికి కేక వేశాడు. "బిడ్డా, నా ఇస్త్రీ షేర్వాణీ తియ్యి. బిస్కట్ల డబ్బా గూడ." పెళ్ళిళ్ళకు తప్ప బయటికి తీయని షేర్వాణీ వేసుకుని, డబ్బా చంకలో పెట్టుకుని, నా భుజం పట్టుకుని నడిచాడు. ఇరానీ హోటల్లో బుకింగ్ క్లర్కు తన మూల బల్ల దగ్గరే ఉన్నాడు. మమ్మల్ని చూసి, "ఏందీ చాచా, పొద్దుపొద్దున్నే షేర్వాణీ? మీసాల దొరసానితోని నిఖా షురూ అయిందా?" అన్నాడు.

చాచా డబ్బాను బల్ల మీద పెట్టాడు. సదువు అన్నట్టు నా వైపు చెయ్యి చూపాడు. నేను చదివాను. క్లర్కు నమ్మలేదు. భూతద్దం తెప్పించుకుని, ఫిల్ము ముక్కను కిటికీ ఎండకు పెట్టి ఒక్కో గడి చూశాడు. పక్క బల్లల వాళ్ళు లేచొచ్చి చూశారు. ఈసారి నేనూ చూశాను. పట్టీ పట్టీలాగే ఉంది. గీతలాగా ఎక్కడా లేదు.

"సరే. దొరసానికి మీసాల్లేవు" అన్నాడు క్లర్కు గొణుగుతూ.

"గట్టిగ అను. నాకు చెవుడు."

"నీకు పోయింది కండ్లు గదా! చెవుడెప్పటి సంది?"

"గిప్పటి సందే."

క్లర్కు కుర్చీలోంచి లేచి నిలబడి, హోటలంతా వినేలా, "దొరసానికి మీసాల్లేవు! గుర్రం నడిపింది దొరసానే! చాచా చూసిందే ఖరా, అదే నిజం!" అని అరిచాడు. ఎందుకో ఎవరికీ తెలియదు గానీ హోటలంతా చప్పట్లు కొట్టింది. చాచా కూర్చుని, సాసర్లో చాయ్ పోసుకుని, రాజులా తాగాడు. అప్పుడు నా వైపు తిరిగి, "ఇగ నీ తప్పు సంగతి. బేటా, ఉస్మానియా బిస్కట్లు చెప్పు, అందరికీ" అన్నాడు.

సోమవారం కార్యదర్శి గారికి గోధుమరంగు పుస్తకం ఇచ్చాను. దాని మొదటి పేజీ మీద చిన్న చీటీ ఒకటి అతికించాను. పై వరుసలో సవరణ అని, కింద రెండు వాక్యాలు. అప్పట్లో వేయాల్సినవి. ఇది పుస్తకంలో తప్పా అని ఆవిడ అడిగారు. కాదండీ, పేపర్లో తప్పు, వేయడానికి చోటు ఇప్పుడు దొరికింది అన్నాను. ఫిల్ము ముక్కను మాత్రం చాచా ఎవరికీ ఇవ్వలేదు. ఆ నాలుగు గళ్ళలో గుర్రం ఇంకా వాగు మధ్యలోనే ఉంది. మేమిద్దరం మాత్రం ఇన్నేళ్ళకు అవతలి ఒడ్డు ఎక్కాం.